అక్క మీద ఒట్టు

బీచ్ రోడ్డులో సముద్రం అడుగు చూపించే దుకాణాల్లో మొదటిదాని యజమాని ఫారం బావాబావమరుదుల ముందుకు తోసి, "కింద సంతకం పెట్టండి సార్, మిగతాదంతా మేమే నింపేశాం" అన్నాడు. బావమరిది ఆ కాగితం చదివాడు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, మూర్ఛ వస్తుందా, అన్నిటికీ "లేదు" అని ముందే అచ్చు వేసి ఉంది. అంటే ఆ దుకాణం గడప తొక్కినవాడికి ఇంతవరకూ పడిశం కూడా పట్టలేదన్నమాట. ఏం దుకాణమో, ఏం ఆరోగ్యమో!

బావకి మాత్రం ఆ కాగితం తెగ నచ్చింది. అప్పుడే జేబులోంచి పెన్ను తీశాడు.

"ఒక్క నిమిషం బావా" అని బావమరిది ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "ఇరవై అడుగుల నీళ్ళ కింద మన చెయ్యి పట్టుకునేవాడు మన గురించి ఒక్క ముక్క అడగడా?"

"అడక్కపోవడమే కదరా మనకి కావాల్సింది."

అదీ అసలు సంగతి. బావకి పసితనం నుంచీ ఉబ్బసం. ఎనిమిది నెలల కిందట ఆయాసం కమ్ముకొస్తే బావమరిది ఆయన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు దిగాడు. అలాంటి మనిషికి యాభై రెండో ఏట సముద్రం అడుగు చూడాలని బుద్ధి పుట్టింది. బావమరిది ఆఫీసు పనిమీద ఈ ఊరొస్తుంటే తోడుగా బయల్దేరాడు. అక్కకి చెప్పింది గాలి మార్పు కోసమని.

"దుమ్ములో తిరక్కు, చలిలో తిరక్కు, చల్లటి నీళ్ళు తాగకు. యాభై ఏళ్ళుగా ఇదే పాట" అన్నాడు బావ రోడ్డు పక్కన నిలబడి. "ఒక్క అరగంట నన్ను నా మానాన వదిలెయ్యండిరా."

ఆ మాటకి బావమరిది మెత్తబడిపోయాడు. తండ్రి పోయిన ఏడాది పదో తరగతి పిల్లాడిగా అక్కావాళ్ళింటికి చేరినవాడు. సైకిలు నేర్పింది బావ. గడ్డం గీసుకోవడం నేర్పింది బావ. ఆయన కావాలన్నదాన్ని కాదనడం చేతకాదు, సరేననడానికి ధైర్యం చాలదు. ఈ రెంటి మధ్యా పడి నలుగుతూ, చెవిలో వేసుకునే చుక్కల వంకతో మూల మీదున్న మందుల షాపులోకి వెళ్ళి, నీళ్ళలో దింపేవాళ్ళలో నమ్మకస్తులెవరని అడిగాడు.

"చెవి పట్టేసి, తల తిరిగి వచ్చేవాళ్ళంతా నా దగ్గరికే వస్తారండీ" అన్నాడు మందుల షాపాయన. "ఎవరు దింపారని అడుగుతుంటాను. టీచరమ్మ దింపినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. అన్నీ అడిగి తెలుసుకుంటేగానీ ఆవిడ దింపదు."

టీచరమ్మ అంటే ఇరవై ఏళ్ళు బడి పిల్లలకి ఈత నేర్పిన మనిషి. ఇప్పుడు పడవల రేవు వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ గుచ్చి గుచ్చి అడుగుతుంది, బావ దొరికిపోతాడు, తను నోరు విప్పే పని లేకుండా వ్యవహారం తేలిపోతుంది. ఎంత తెలివైన ఆలోచన! తన నెత్తిమీది బరువు తీసి ముక్కూ మొహం తెలియని మనిషి నెత్తిన పెట్టడమన్నమాట.

బావేమైనా తక్కువ తిన్నాడా? షెడ్డు దగ్గరికొచ్చాక ఆగిపోయాడు.

"వస్తా. కానీ ఆవిడ ముందు నువ్వు నోరు విప్పకూడదు. మీ అక్క మీద ఒట్టెయ్యి."

"అక్క మీదెందుకు బావా? నా మీద వేసుకుంటాను."

"నీ మీదైతే నిలబడవు. నాకు తెలీదా?"

బావమరిది నేల చూపులు చూస్తూ, "ఒట్టు" అన్నాడు.

షెడ్డులో తడి రబ్బరు వాసన. గోడ పొడుగునా నల్లటి ఈత సూట్లు వేలాడుతున్నాయి. టీచరమ్మ అద్దాల పైనుంచి చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. చెవి ఆపరేషన్లు? లేవు. బీపీ మాత్రలు? లేవు. ఉబ్బసం?

"అబ్బే, లేదమ్మా" అన్నాడు బావ.

"ఎప్పుడూ లేదా? చిన్నప్పుడు కూడా?"

"పర్లేదమ్మా, నేను బాగానే ఉంటాను."

"పర్లేదు కాదు. ఉందా, లేదా?"

"లేదు."

ఆవిడ బావమరిది వైపు తిరిగింది. "మీరేమవుతారు ఈయనకి?"

"బామ్మర్దినండీ."

"ఈయన చెప్పిందంతా నిజమేనా?"

బావ గోడమీది సూట్లను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. బావమరిదికి నిజం నోటిదాకా వచ్చింది. అక్క మొహం కళ్ళ ముందు ఆడింది.

"ఆయన సంగతి ఆయనకే తెలుస్తుంది కదండీ" అన్నాడు.

టీచరమ్మ ఓ క్షణం అతన్ని చూసి, సంతకాలు తీసుకుంది. తర్వాత వేళ్ళతో గుర్తులు నేర్పింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే బాగున్నాననీ, బొటనవేలు పైకెత్తితే పైకి పోదామనీ. "భేష్ అనుకుని బొటనవేలు ఎత్తారో, అరక్షణంలో పైకి మళ్ళిస్తాను. తల ఊపితే నా లెక్కలోకి రాదు. మన తల ఊపుడు గట్టు మీదే ఎవరికీ అర్థం కాదు. ఊపిరి మాత్రం ఎక్కడా బిగపట్టొద్దు. ఒకరు పైకి అంటే ముగ్గురమూ పైకే. ఎందుకని అడగను."

పడవ ఒడ్డుకి పది నిమిషాల దూరంలో ఆగింది. బావ వీపున గాలి సిలిండరుతో పెళ్ళికొడుకులా నవ్వుతూ, గొట్టం నోట కరుచుకుని నీళ్ళలోకి జారాడు. టీచరమ్మ మధ్యలో ఉండి చెరో చేత్తో ఇద్దర్నీ పట్టుకుంది. తాడు వెంట అడుగు అడుగుగా దిగారు. కింద తెల్లటి ఇసుక, పసుపుపచ్చ చేపల గుంపు. అద్దం వెనక బావ కళ్ళు చంటిపిల్లాడి కళ్ళలా పెద్దవయ్యాయి. బావమరిదికి ఒక్క నిమిషం పాటు తను చేసింది మంచిపనేననిపించింది.

ఆ తర్వాత బుడగలు గబగబా రావడం మొదలైంది.

టీచరమ్మ బావ చెయ్యి వదిలి సున్నా చుట్టి చూపించింది, బాగున్నారా అని. బావ సున్నా చుట్టాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ సున్నా. కానీ బావమరిది ఆయన రెండో చెయ్యి చూశాడు. ఆ చేతి రెండు వేళ్ళూ గొంతు కింది గుంటని నొక్కుతున్నాయి. ఆయాసం తన్నుకొచ్చే ముందు ఆయన చేసే పని అది. ఇంట్లో దాన్ని అందరికన్నా ముందు కనిపెట్టేది బావమరిదే.

బావ అతన్నే చూస్తున్నాడు. వద్దురా అంటున్నాయి ఆ కళ్ళు. ఒట్టు. అక్క. నోరు విప్పనన్నాడు. నోట్లో గొట్టం ఉంది, విప్పుదామన్నా విప్పలేడు. మరి చేతికి ఒట్టెవరు పెట్టారు?

బొటనవేలు పైకెత్తాడు.

టీచరమ్మ ఎందుకని అడగలేదు. ఇద్దర్నీ పట్టుకుని పైకి మళ్ళింది. తొందరపడలేదు, పడనివ్వలేదు. ఊపిరి వదులుతూ ఉండమని బావ మొహం ముందు చేత్తో చూపిస్తూనే ఉంది. ఆ ఇరవై అడుగులూ ఎక్కడానికి బావమరిదికి ఇరవై ఏళ్ళు పట్టినట్టయింది.

పైకి తేలాక పడవాయన ముందు బావని లాగాడు.

"ఎవరికి ఇబ్బంది?" అంది టీచరమ్మ.

"నాకేనండీ. భయమేసింది" అన్నాడు బావమరిది.

బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఛాతీలోంచి ఈల వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇక బావమరిది ఆగలేదు. పాక్కుంటూ వెళ్ళి తన సంచీలో తువ్వాలు విప్పి, మడతల్లోంచి ఇన్‌హేలర్ తీసి బావ నోట్లో పెట్టాడు. ఒకసారి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

టీచరమ్మ ఆక్సిజన్ సిలిండరు తెరిచి బావ మొహానికి మాస్కు తగిలించింది, పడవ తిప్పమంది, ఆస్పత్రికి ఫోన్ చేసింది. అన్నీ అయ్యాక అప్పుడు చూసింది ఆ తువ్వాలు వైపు.

"మందు తెచ్చావు. అంటే నీకు తెలుసు."

బావమరిది ఇన్‌హేలర్‌ని మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు.

"ఆయన అబద్ధమాడాడు సరే, ఆయన మోజు ఆయనది. నేను నిన్నడిగాను. నా చేత్తో నేనే దింపాను ఆయన్ని." ఆవిడ అతని సంచీ ముందుకు తోసింది. "ఇంట్లోవాళ్ళకి ఫోన్ చెయ్యి. నా ముందే చెయ్యి."

అతను బావ వంక చూశాడు. బావ మాస్కు కాస్త పక్కకి జరిపాడు. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి.

"ఒట్టు తీసి గట్టున పెట్టరా" అన్నాడు రొప్పుతూ. "చెప్పెయ్."

ఫోను రెండోసారి మోగకుండానే అక్క ఎత్తింది.

"నీ ఫోనేనా! మీ బావ ఎలా ఉన్నారు? నువ్వు పక్కనున్నావని రాత్రి కంటినిండా నిద్రపోయానురా. లేకపోతే ఆ దగ్గు వింటూ ఏ రాత్రి పడుకున్నాను చెప్పు?"

"అక్కా" అన్నాడు. ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ అన్నాడు. "అక్కా, బావ సముద్రంలోకి దిగారు. ఆయాసం వచ్చింది. ఇప్పుడు ఫరవాలేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. నాకు ముందే తెలుసక్కా. తెలిసే దిగనిచ్చాను."

తిడుతుందని చూశాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

"ఫోను మీ బావకివ్వు" అంది అక్క.