ఒక్క పాయింటు

ఆదివారం భోజనాలయ్యాక కేఫ్ ముందు నీడనిచ్చే ప్లేన్ చెట్ల కింద ఇనప గుండ్ల ఆట మొదలైంది. దూరంగా వేసిన చిన్న కొయ్యబంతికి ఎవరి గుండు దగ్గరగా ఆగితే వాళ్లకి పాయింటు; ముందుగా పదమూడు చేరినవాడిదే ఆట. ఎవరికీ తొందర లేదు. నాకు ఎదురు ఒనోరే ఆడుతున్నాడు. నలభై ఏళ్లుగా ఇద్దరం ప్రతి వేసవీ ఆడుతున్నాం. ఈ ఏడు అతని చూపు తగ్గింది.

మా ఊళ్లో పదమూడు–సున్నాతో ఓడినవాడు మోకాళ్ల మీద కూర్చుని, కేఫ్ గోడకున్న ఫానీ అనే ఆడమనిషి బొమ్మ పిర్రల్ని ముద్దుపెట్టుకోవాలి.

నాకు పన్నెండు, అతనికి సున్నా ఉన్నప్పుడు ఒనోరే గుండు కొయ్యబంతి పక్కనే ఆగింది. నేను కొట్టకపోతే అతనికో పాయింటు.

"వదిలేద్దూ, ముసలాడి పరువు దక్కుతుంది," అంది కేఫ్ నడిపే లియోనీ నా చెవిలో.

"ఆటలో జాలేంటి లియోనీ?" అన్నాను. గురి చూసి కొట్టాను. అతని గుండు ఎగిరిపోయి, కొయ్యబంతి దగ్గర నాదే మిగిలింది. ఆట నాదైంది.

ఒనోరే బల్ల పట్టుకుని వంగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేవడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

"బొమ్మెక్కడుందో కనపళ్లేదురా. ఉత్త గోడనే ముద్దుపెట్టుకున్నా," అన్నాడు నాతో, నవ్వుతూనే.

మరుసటి ఆదివారం అతను రాలేదు. లియోనీ చేత తన గుండ్ల సంచి నాకు పంపాడు.

ఆ రోజు నేను కావాలని గురి తప్పి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.