కూలెయ్ అన్న మాట

కూతురు మాలిని యూ టీ అనే పేటలో కొత్త ఫ్లాట్‌లోకి మారుతోందని తెలిసి, జానకిరామయ్య మలేషియాలోని బగాన్ దాతో ఊరి నుంచి బస్సెక్కి సరిహద్దు దాటి వచ్చాడు. ఊరికే చూస్తూ కూర్చునే మనిషి కాదు. అరవై దాటిన వయసులో చొక్కా విప్పి, బనీనుతో వాషింగ్ మెషీన్‌కు భుజం ఆనించాడు.

మాలిని అత్తగారు సోఫాలో కూర్చుని తన చెల్లెలితో ఫోన్‌లో వాళ్ల చైనా భాష కాంటనీస్ మాట్లాడుతోంది. మధ్యలో “కూలెయ్” అని, వియ్యంకుడి వైపు చూసి నవ్వింది. కాంటనీస్ రాకపోయినా ఆ మాట మాలిని చెవికి గుచ్చుకుంది.

కాసేపటికి భర్త వై మింగ్ పుస్తకాల పెట్టె ఎత్తబోతే, తల్లి చప్పున చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్లీ అదే మాట అంటూ జానకిరామయ్యను చూపించింది. వై మింగ్ పెట్టె దించేశాడు. జానకిరామయ్య వచ్చి దాన్ని ఎత్తుకున్నాడు.

మాలిని భర్తను వంటింట్లోకి లాగింది. “కూలెయ్ అంటే?”

“ఊరికే జోక్‌లే. బరువులు మోసేవాళ్లని అలా అంటాం. నన్ను నేనే అనుకుంటాను, ఇవాళ నేనే కూలెయ్ అని.”

“మరి పెట్టె ఎందుకు దించావు?”

వై మింగ్ హాల్లోకి వెళ్లిపోయాడు.

ఆమె లిఫ్ట్ దగ్గర తండ్రిని పట్టుకుంది. “నాన్నా, ఆవిడ ఏమంటోందో తెలుసా?”

“తెలుసమ్మా. పడుచుతనంలో ఇపో ఊళ్లో చైనా వాళ్ల కాఫీ కొట్టులో పని చేశాగా. అక్కడ నా పేరే అది.”

“మరి నవ్వుతావేంటి?”

“సాయంత్రం నాకు బస్సుంది. నువ్వు ఇక్కడే ఉండాలి.”

బయలుదేరేటప్పుడు అత్తగారు డబ్బులు పెట్టిన ఎర్రటి అంగ్‌పావ్ కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టబోయింది. జానకిరామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చక్కటి కాంటనీస్‌లో నెమ్మదిగా ఏదో అన్నాడు.

వై మింగ్ తల దించుకుని మాలినికి చెప్పాడు. “నేను కూలెయ్‌ని కాను, మాలిని తండ్రిని అన్నారు.”

మాలిని అత్తగారి ముఖం చూసింది. ఇప్పుడైనా సిగ్గుపడుతుందనుకుంది. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, చప్పట్లు కొట్టింది.

“వా! అంకుల్ కాంటనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నాడో!” అని ఇంగ్లీషులో మురిసిపోయింది. వెంటనే చెల్లెలికి ఫోన్ కలిపింది. అది మోగుతుండగానే ఇటు తిరిగి, “నెక్స్ట్ సండే రండి అంకుల్, బీరువా ఇంకా జరపాలి” అంది.

జానకిరామయ్య చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన యూ టీ రాలేదు. ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పి అంటాడు. మాలిని కూడా రమ్మనడం మానేసింది.