తప్పు నాదేలెండి

"నువ్వెళ్ళి ఓ మాట చెప్పమ్మాయ్. నీ మాటయితే వాడు వింటాడు" అంది అత్తగారు, గదిలోంచి కొడుకు కేక వినబడగానే.

కోడలు అప్పటికి మూడు క్యారియర్లలో రెండింటికి మూత పెట్టింది. మూడోదాన్ని అలాగే వదిలేసి, చేతులు తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళింది. మేజోళ్ళలో ఒకటే కనబడుతోంది, రెండోది లేదు. అదీ సంగతి. "తప్పు నాదేలెండి, నేనే చూసుకోలేదు. ఒక్క నిమిషం కూర్చోండి" అని మంచం కిందికి వంగి, నిన్న ఆయన విసిరిన చోటి నుంచే దాన్ని తీసి చేతికిచ్చింది. ఆయన కోపం దిగింది. ఆమె బస్సు వెళ్ళిపోయింది.

ఆమె ఉద్యోగం వాషింగ్ మెషీన్లు బాగుచేసే సర్వీస్ సెంటర్లో, ఫిర్యాదుల కౌంటర్ దగ్గర. ఎవరైనా నిప్పులు కక్కుతూ లోపలికొస్తే, మేనేజరు తన గది అద్దంలోంచే చూసి "ఆవిడ దగ్గరికి పంపండి" అనేవాడు. తోటివాళ్ళు ఆమెకి ఫైరింజను అని పేరు పెట్టారు. ఆ రోజు మేనేజరు ప్రత్యేకంగా పిలిచాడు. "కొత్తగా చేరిన అమ్మాయిలకి మీ విద్య నేర్పాలండీ. ఎవరికి ఏం చెబితే చల్లబడతారో ఓ కాగితం మీద రాసివ్వండి." కిందటేడు సూపర్‌వైజర్ పోస్టుకి ఆమె పేరు వచ్చినప్పుడు, "మీరు మరీ మెతకండీ" అని కొట్టేసింది ఈయనే.

భోజనం వేళ కాగితం ముందేసుకుని కూర్చుంది. రాస్తూ రాస్తూ ఆలోచనలో పడింది. పసిపిల్లల్ని బుజ్జగిస్తారు. ఏడ్చేవాళ్ళని ఓదారుస్తారు. ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యవాళ్ళు సముదాయిస్తారు. ప్రేమ ఉన్నచోట అలక తీరుస్తారు. మరి మేజోడు కనబడలేదని ఇల్లెగిరిపోయేలా అరిచే నలభై రెండేళ్ళ మగవాడికి రోజూ తను చేసేదాన్ని ఏమంటారు? పెళ్ళయిన కొత్తలో ఆడబిడ్డ నవ్వుతూ చెప్పింది, "మా అన్నయ్యది పాలపొంగు కోపం వదినా, నాలుగు చుక్కలు చల్లితే చాలు" అని. పద్నాలుగేళ్ళుగా చల్లుతూనే ఉంది. పాలకింద మంట తగ్గించాలన్న ఊహ మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. తనకీ రాలేదు, ఆ మాటకొస్తే. అయిదు వాక్యాలు రాసి, కాగితం మేనేజరుకి ఇచ్చేసింది.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపలి అరుపులు వినబడ్డాయి. బండి తాళం కనబడటం లేదట. సోఫా దిండ్లన్నీ నేలమీదున్నాయి. వాటి మధ్య పదేళ్ళ కూతురు నిలబడి ఉంది.

"తప్పు నాదే నాన్నా. నేనే ఎక్కడో పెట్టేసుంటాను. ఒక్క నిమిషం కూర్చో, వెతికి ఇస్తా."

ఆ గొంతు, ఆ ఒద్దిక, "ఒక్క నిమిషం" దగ్గర ఆ చిన్న నవ్వు, అన్నీ తనవే. పిల్ల వీపున స్కూలు బ్యాగు ఇంకా అలాగే ఉంది.

"అచ్చు తల్లి పోలికే!" అత్తగారు మురిసిపోయింది. "రేపు ఏ ఇంట్లో అడుగుపెట్టినా నెగ్గుకొస్తుంది."

తల్లి వచ్చి పిల్ల పక్కన నిలబడింది.

"అది తియ్యలేదండీ. ఇప్పుడే స్కూలు నుంచి వచ్చింది. మీ జేబు చూసుకోండి."

ఆయన జేబు తడుముకున్నాడు. తాళం అందులోనే ఉంది. దాంతో కోపం రెట్టింపయింది. "అయితే? పిల్లముందు నన్ను తప్పు పడతావా?"

అత్తగారు కళ్ళతోనే బతిమాలింది. "అమ్మాయ్, ఓ మాట చెప్పు."

"చెప్పాల్సింది చెప్పానత్తయ్యా. ఇక తప్పు తనదని పిల్లకి చెప్పాల్సింది ఆయనే."

ఆయన తాళం నేలకేసి కొట్టి, గదిలోకి పోయి ధడాలున తలుపేసుకున్నాడు. ఆమె వెనకాలే వెళ్ళలేదు. పిల్ల వీపు మీంచి బ్యాగు దించింది. దిండ్లు తియ్యకుండా వంటింట్లోకి నడిచింది. కాళ్ళు రెండుసార్లు వాటంతటవే ఆ గదివైపు తిరిగాయి, రెండుసార్లూ ఆపుకుంది. అరగంట గడిచింది. కొంపేమీ మునగలేదు. ఆయనే తలుపు తీసుకుని వచ్చాడు, ఎవరివైపూ చూడకుండా తాళం ఏరుకుని బయటికి వెళ్ళాడు. పిల్లకి ఏమీ చెప్పలేదు. కానీ అరవనూ లేదు. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే ఆ కోపం దానంతటది దిగిందన్నమాట. ఈ సంగతి తెలుసుకోడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

కూతురు వంటింటి గడపలో వచ్చి నిలబడింది.

"నాకూ కోపం వచ్చిందమ్మా."

"నాన్న మీదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నీ మీద."

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఎప్పుడు చూసినా నువ్వే తప్పు ఒప్పేసుకుంటావు. నువ్వు ఇంట్లో లేనప్పుడు నేను ఒప్పుకోవాల్సొస్తోంది."

ఆమె నాలుక చివరికి మాటలు బిలబిలా వచ్చేశాయి. ఎంతటి మనిషినైనా చల్లబరిచే మాటలు, ఏళ్ళ తరబడి అరిగి నునుపు తేలినవి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పొయ్యి కట్టేసి, పీట లాక్కుని, కూతురి ఎదురుగా కూర్చుంది.

"ఇంకా?" అంది.