ఉప్పు వేయని పప్పు

తెల్లవారగానే దానమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, పప్పు పొయ్యిమీద పెట్టేది. ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఆమెది భోజనాల ఇల్లు. ఆ పప్పు కోసం డ్రైవర్లు బస్సు ఆపుకొని కూర్చునేవాళ్లు. ఆ కాలంలో ప్రయాణికులకూ అంత తొందర ఉండేది కాదు లెండి.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, ఒక లారీవాడు ఆమె ఇంటిముందు ఒక మనిషిని దించిపోయాడు. పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. అందరూ సుంకన్న అన్నారు, పలికాడు. నీళ్లు మోస్తూ ఉండిపోయాడు. అతను అడుగు వేసి పాదం ఎత్తగానే అక్కడొక చిన్న మొక్క లేచేది. దళసరి ఆకు, ఎర్రటి కాడ, గోరంత గులాబి పువ్వు. మేకలకు మేత దొరికిందని సందులోవాళ్లు సంతోషించారు. దానమ్మ గంగపాయలాకు అనుకొని పప్పులో వేసింది. నోట పెట్టలేనంత ఉప్పు. మర్నాటినుంచి ఉప్పు మానేసింది, పప్పు కుదిరింది. పిల్లల్లేని విధవరాలు, ఇల్లు నిండిందనుకుంది.

నంద్యాల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే తమ్ముడు ఇమ్మానుయేలు ఒక ఆదివారం చర్చి అయ్యాక వచ్చాడు. చదువుకునే రోజుల్లో బందరు సముద్రం చూసి పొంగిపోయి చెప్పులు పోగొట్టుకున్న మనిషి. ఆ చెప్పుల కథ తన పెళ్లిలో కూడా చెప్పాడు. పువ్వును భూతద్దంలో చూసి, ఆకు నమిలాడు.

"గంగపాయలకు పచ్చపువ్వు గదక్కా. ఇది సముద్రం ఒడ్డున తప్ప యాడా మొలవదు. నా చెప్పులు పోయింది దీంట్లోనే."

దానమ్మ చేతిలో గంటె ఆగింది. "అట్లయితే ఆయప్ప ఊరు ఆడనే."

"ఆడనే. చెప్పేదా?"

"నువ్వు చెప్తే పాఠం మాదిరుంటాది. నేనే చెప్తా."

చెప్పకపోతే అతను ఎక్కడికీ పోడు. ఆ సంగతి తెలిసే కొన్నాళ్లు నోట్లోనే ఉంచుకుంది. చివరికి ఒక సాయంత్రం పువ్వు అతని అరచేతిలో పెట్టింది.

"ఇది సముద్రం ఒడ్డుదంట. పోయి చూడప్పా. ఎదురు చూసేటోళ్లు ఉండారేమో."

అతను వాసన చూశాడు. ఎన్నడూ లేని యాసలో, "నాకో కూతురుందండి," అన్నాడు.

అతను బస్సెక్కడానికి నడిచిన దారిలో, బస్టాండు దాకా మొలిచిన వరసను మేకలు తినేశాయి. దానమ్మ మళ్లీ ఉప్పు వేయడం మొదలుపెట్టింది. ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ.

వానలు పడ్డాక ఒక ఉదయం, చీపురుతో బయటికొచ్చి నిలబడిపోయింది. బస్టాండు వైపు నుంచి కొత్త మొక్కల వరస వచ్చి అరుగు దగ్గర ఆగింది. పక్కనే ఇంకో వరస, దగ్గర దగ్గరగా, మరీ చిన్న మొక్కలు. అరుగుమీద తండ్రి భుజానికి ఆనుకొని ఒక పిల్ల నిద్రపోతోంది.

దానమ్మ వాళ్లను లేపలేదు. గుప్పెడు ఆకు కోసుకొని, లోపలికి పోయి పప్పు ఎక్కించింది. ఉప్పు జాడీ దించలేదు.