నలభై రెండో శవం

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న కృపావరం, బ్లేడు గొంతు కిందికి వచ్చినప్పుడల్లా చెయ్యి ఆపి ఆ ఒక్క మాటా మళ్లీ అంటున్నాడు.

"నా కొడుకు చేతికి కత్తి ఇయ్యొద్దప్పా. వాణ్ని బడికి పంపీండి."

మొదటిసారి మరీ ఏడుపుగా వచ్చింది. రెండోసారి రేడియోలో సర్కారు ప్రకటనలాగా వచ్చింది. మూడోసారి మాత్రం 'పంపీండి' దగ్గర గొంతు తనంతట తానే సన్నబడి ఆగిపోయింది. కావలసింది అదే. కడుపులో కత్తి దిగిన మనిషికి అంతకన్నా గొంతు ఉండదు. ఆ సంతోషంలో చెంప కొంచెం తెగింది.

"మనకుండేది కూతురు," అంది పొయ్యి దగ్గర నుంచి జీవమ్మ. "పొద్దున్నే యా కొడుకును బడికి పంపిస్తాండావ్?"

"డైలాగు."

"నీకు డైలాగు యాడిది? చచ్చినోడు మాట్లాడతాడా?"

"ఈసారి మాట్లాడినంకనే చస్తా."

జీవమ్మ చేతిలోని గరిటె గిన్నెకేసి కొట్టింది. పోయిన ఆదివారం చర్చిలో ఎవరో తెలియని ఆమె దగ్గరికొచ్చి, 'మీ ఇంటాయన పోయినాడంట గదమ్మా, ఫోన్లో చూసినా' అని కళ్లు తుడుచుకుంది. ఆ మంట ఇంకా ఆరలేదు. ఒకే ఒక్కసారి షూటింగు చూద్దామని పోయి, పాడె మీద మొగుణ్ణి చూసి సగంలోనే ఇంటికొచ్చిన మనిషి ఆమె. తర్వాత మూడు రోజులు అన్నం తినలేదు. అప్పటి నుంచి ఆ పనిని క్షమించలేదు, ఆ పని చేసే మనిషినీ క్షమించలేదు.

కృపావరానికి యాభై నాలుగేళ్లు. నంద్యాలలో ఒక విత్తనాల గోడౌన్లో సంచుల మూతులు కుడతాడు. అది తిండి పెట్టే పని. కుర్రతనంలో క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరిగా నిలబడి చప్పట్లు కొట్టించుకున్న పాపానికి, సినిమా పిచ్చి ఎక్కి, ఇరవై ఏడేళ్ల కిందట హైదరాబాదు పోయాడు. కృష్ణానగర్లో రెండేళ్లు. గుంపులో నిలబడటం, ఎవరైనా జరగమంటే జరగడం, ఆ రెండేళ్లలో నేర్చిన నటన అంతే. యూనియన్ కార్డు లేదని గేటు దగ్గరే ఆపితే తిరిగొచ్చి సంచుల దగ్గర కూర్చున్నాడు. కొన్నేళ్ల తర్వాత బెలుం గుహల దగ్గర ఏదో సీరియల్ తీస్తూ, శవంగా పడుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. కృపావరం పడుకున్నాడు. కనురెప్ప మీద చీమ పాకింది. కదల్లేదు. 'ఎవడ్రా వీడు, నిజంగా పోయాడా' అన్నాడు డైరెక్టరు. సినిమా వాళ్ల దగ్గర కృపావరం అందుకున్న మెప్పు అదొక్కటే.

సీమలో ఏ కథ మొదలుపెట్టినా మూడో సీనుకల్లా ఒక శవం లేవాలని ఎవరు శాసనం రాశారో గానీ, దాని పుణ్యమా అని అప్పటి నుంచి అతనికి వేషాలకు కొదవ లేదు. నలభై ఒక్క శవాలు. ఒక్క మాట లేదు. ఇన్నాళ్లకు ఈ వెబ్ సిరీస్ వాళ్లు, చచ్చే ముందు చెప్పడానికి రెండు వాక్యాలు ఇచ్చారు. పది రోజులుగా కృపావరం భూమ్మీద నడవడం లేదు.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతుండగా గోడౌన్ యజమాని శంకరయ్య ఫోన్ చేశాడు.

"యాడుండావ్?"

"ఆళ్లగడ్డకు పోతాండా సార్. ఈ ఒక్క దినం."

"ఈ పొద్దు లోడు ఎత్తల్ల. జనం విత్తనాలకని వాకిట్లో నిలబడుకోనుండారు. సంచులెవురు కుడతారు, మీ నాయనా?"

"ఈసారి మాట్లాడే వేషం సార్."



"ఇరవై అయిదేండ్లలో నా కాడ నోరు తెరిచింది లేదు. ఆడ బోయి మాట్లాడతావా? పో, మాట్లాడుకో. మళ్ల ఈడికి రావద్దు."

ఫోన్ పెట్టేశాడు. శంకరయ్య వట్టి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. ఇప్పుడు దిగిపోతే పది నిమిషాల్లో గోడౌన్లో ఉండొచ్చు. కృపావరం దిగలేదు. ఆడవాళ్లతో కిక్కిరిసిన బస్సులో, కమ్మీ పట్టుకుని, శిరివెళ్ల దాటేదాకా ఆ రెండు వాక్యాలే పెదాల మీద తిప్పుకుంటూ నిలబడ్డాడు. పక్కన కూర్చున్న ముసలామె అతన్ని ఎగాదిగా చూసి సంచీ ఒళ్లోకి లాక్కుంది.

ఆళ్లగడ్డలో దిగి, రోడ్డు పక్క దేవుళ్లను చెక్కుతున్న వాళ్ల ఉలి చప్పుళ్లు దాటుకుని, శేషయ్య మిద్దె చేరేసరికి ఎనిమిదయింది. శేషయ్య ఆళ్లగడ్డలో భూములున్న ఆసామి. సిరీసుకు సగం పెట్టుబడి ఆయనదే, షూటింగుకు ఇచ్చిన ఇల్లూ ఆయనదే. అరుగు మీద కూర్చోబోయిన కృపావరాన్ని చూసి, "ఏయ్, ఆడ కాదు. అట్ల చెట్టు కిందికి పో," అన్నాడు.

ఇక్కడి మనుషులను కుదిర్చిపెట్టే చంద్ర వాకిట్లోకి తొంగి చూసి లోపలికి కేకేశాడు. "సార్, శవం వచ్చింది!"

ఎనిమిదింటికి వచ్చిన శవాన్ని పన్నెండు దాకా ఎవరూ పలకరించలేదు. తర్వాత చొక్కా విప్పించి, మీసానికి నల్లరంగు వేసి, బనీను మీద రక్తం పోశారు. చక్కెర పాకంలో ఎర్ర రంగు. అది ఎండేలోపే చీమలు పట్టాయి. భోజనాల బండి వచ్చినప్పుడు కృపావరం వరుసలో నిలబడ్డాడు.

"నీకు తర్వాత," అన్నాడు చంద్ర. "తింటే పొట్ట ఉబ్బి కనపడుతుందంట. డైరెక్టర్ గారు చెప్పినారు."

అతని భార్య వేషం వేస్తున్న నాగవేణి నంద్యాల నాటకాల మనిషి. తన ఆకులోంచి ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది. "తినన్నా. చచ్చేటోనికి ఆకలి ల్యాకుండా పోతాదా?" చంద్ర చూస్తుంటే కృపావరం ఆ ముద్ద మింగలేక, పారేయలేక, కాసేపు చేతిలోనే పట్టుకుని చివరికి ఆమె ఆకులోనే పెట్టేశాడు.

రెండు గంటలకు పిలుపొచ్చింది. లోపల నులక మంచం, దాని మీద అతను, చుట్టూ లైట్లు. డైరెక్టరు ప్రేమ్ సాగర్‌కు ముప్పై ఉంటాయి. హైదరాబాదు నుంచి వచ్చాడు. సీమను సినిమాల్లో చూసి నేర్చుకున్నాడు.

"యాక్షన్!"

కృపావరం కళ్లు తెరిచాడు. ఎదుట కెమెరా కనపడలేదు. తాను ఎన్నడూ కనని కొడుకు కనపడ్డాడు. "నా కొడుకు చేతికి కత్తి ఇయ్యొద్దప్పా," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "వాణ్ని బడికి పంపీండి." చివరి మాట దగ్గర గొంతు సన్నబడి ఆగింది. పొద్దున అద్దం ముందు ఆగినట్టే.

నాగవేణి నిజంగానే కళ్లు ఒత్తుకుంది.

"కట్. బాబాయ్, బాగుంది కానీ మరీ మామూలుగా ఉంది. సీమ యాస కావాలి నాకు."

కృపావరానికి అర్థం కాలేదు. "నేను మాట్లాడింది అదే గదా సార్."

"అది కాదు. పవర్ ఉండాలి. 'రేయ్' అని మొదలుపెట్టండి. ఇలా..." అని ప్రేమ్ సాగర్ పళ్లు కొరికి, మెడ నరాలు ఉబ్బించి చేసి చూపించాడు. "రేయ్! నా కొడుకు సేతికి కత్తి ఇయ్యమాకండ్రా!"

ఆ 'మాకండ్రా' గుంటూరులో రైలెక్కి పొరపాటున నంద్యాలలో దిగినట్టుంది. చంద్రకు తెలుసు, నాగవేణికి తెలుసు, గడప దగ్గర నిలబడ్డ శేషయ్యకూ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు.

"పానం పొయ్యేటోడు 'రేయ్' అని అరుస్తాడా సార్?" అన్నాడు కృపావరం. అన్నాక భయపడ్డాడు.

ప్రేమ్ సాగర్ మొహం మాడింది. "శవాలకు కూడా డౌట్లేనా?" అన్నాడు. జనం నవ్వారు.

రెండో టేకు. 'రేయ్' అనబోతే కృపావరం నోట మళ్లీ 'నా కొడుకు' అనే వచ్చింది. మూడో టేకులో అరిచాడు. అరిస్తే దగ్గు వచ్చింది. పది రోజులు పెంచుకున్న మాట నోట్లో పిండిలాగా అంటుకుపోయింది. నాలుగో టేకు ముందు ప్రేమ్ సాగర్ వాచీ చూసుకున్నాడు.

"వదిలేయండి బాబాయ్. డబ్బింగులో చూసుకుందాం. మీరు పెదాలు కదిపితే చాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనండి."

"అంకెలా సార్?"

"అవును. అంకెలే. లైట్ పోతోంది, త్వరగా."

యాక్షన్ అన్నారు. గోడౌన్ పని వదులుకుని, ఇంట్లో మాటలు పడి, ఇరవై ఏడేళ్లు ఎదురుచూసి, కృపావరం లైట్ల వెలుగులో కడుపు పట్టుకుని, కన్నీళ్లు పెట్టుకుని, "ఒకటి... రెండు... మూడు... నాలుగు..." అన్నాడు. ఆ కన్నీళ్లు నటన కాదు. సూపర్ అన్నాడు ప్రేమ్ సాగర్, తెర వైపు చూస్తూ.

తర్వాత పని అతనికి తెలిసిన పని. వాకిట్లో పాడె కట్టారు. పడుకోబెట్టి, ముక్కుల్లో దూది పెట్టి, బొటనవేళ్లు కట్టి, మీద పూలు పోశారు. వెలుతురు సరిచేసేదాకా అట్లాగే ఉండమన్నారు. కళ్లు మూసుకున్న మనిషికి చెవులు మూతపడవు. తలాపు దగ్గరే నిలబడి ప్రేమ్ సాగర్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అన్నా, ముసలోడిది ఒక చిన్న డైలాగుంది, వచ్చి చెప్పిపో. మంచి బేస్ వాయిస్ కావాలి. వీడిదా? వీడిది గొంతు కాదన్నా. మొహం కూడా ఏమంత లేదు, క్లోజప్ లేపేద్దామనుకుంటున్నా."

కృపావరం కనురెప్ప కదల్లేదు. చీమ పాకినప్పుడు కదలనిది ఇప్పుడు కదులుతుందా? లోపల మాత్రం ఏదో తెగిపోయింది. కోపం కాదు, దుఃఖమూ కాదు. చాలు అనిపించింది.

టేకు మొదలైంది. నాగవేణి గుండెలు బాదుకుని శోకం పెట్టింది. కృపావరం ఎన్నడూ ఆపనంతసేపు ఊపిరి ఆపాడు. శోకం మధ్యలో ఆమె గొంతులోకి నిజమైన భయం వచ్చింది. భుజం పట్టి ఊపింది. "అన్నా!" అని మొగుడి వేషం వేసినవాణ్ని పిలిచేసింది. అయినా ఎవరూ ఆపలేదు, అంత బాగా వచ్చింది షాటు. కట్ అన్నాక వాకిలంతా చప్పట్లు కొట్టింది.

ఇక మిగిలింది ఆచారం. సినిమా వాళ్లు దేన్ని నమ్మినా నమ్మకపోయినా దీన్ని నమ్ముతారు. పాడె ఎక్కినవాడు, కట్ అన్నాక కూడా ఆపకుండా ఉంచిన కెమెరా ముందు లేచి కూర్చుని, అందులోకి చూసి నవ్వాలి. ఆ తర్వాత గుమ్మడికాయ కొట్టాలి. నవ్వకుండా దిగితే ఆ చావు అక్కడే, ఆ వాకిట్లోనే ఉండిపోతుందని భయం. కృపావరం నలభై ఒక్కసార్లు నవ్వాడు. వాటిని తర్వాత కోసి పారేస్తారు. అతని మొహం ఎదురుగా, నిండుగా పడింది ఆ పారేసిన ముక్కల్లోనే.

శేషయ్య గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కృపావరం లేచి కూర్చున్నాడు. బొటనవేళ్ల దారం విప్పుకున్నాడు. ముక్కుల్లోని దూది తీసి పక్కన పెట్టాడు. కెమెరాలోకి చూశాడు. నవ్వలేదు. పాడె దిగాడు.

"నవ్వల్ల," అన్నాడు చంద్ర.

కృపావరం చొక్కా వెతుక్కుంటున్నాడు.

"ఏయ్! నవ్వు!" శేషయ్య కేకేశాడు. "ఏమప్పా చంద్రా, ఈయప్ప పేరేంది?"

చంద్ర గాభరాగా ఫోన్ తీసి చూశాడు. అందులో 'నంద్యాల శవం' అని ఉంది.

"కృపావరం," అంది నాగవేణి. "ఆయన పేరు కృపావరమన్న."

"కృపావరమన్నా!" పొద్దున చెట్టు కిందికి తరిమిన శేషయ్య గుమ్మడికాయతోనే అడ్డం వచ్చాడు. "ఇల్లన్నా ఇది. పిల్లోల్లు తిరిగే ఇల్లు. ఒక్క నవ్వు నవ్వి పో. నీకు దండం పెడతా."

ఆ మాటకు కృపావరానికి జాలి కలిగింది. నవ్వడానికి నిజంగానే ప్రయత్నించాడు. పెదాలు కదల్లేదు. ఇరవై ఏడేళ్లలో మొట్టమొదటిసారి ఒక వాకిలి మొత్తం అతని మొహం వైపే చూస్తోంది, అతను నోరు తెరవాలని ఎదురుచూస్తోంది.

"ఒకటి," అన్నాడు ప్రేమ్ సాగర్ వైపు తిరిగి. "రెండు. మూడు. నాలుగు. చాలునా సార్? నవ్వు డబ్బింగులో పెట్టిచ్చుకోండి."

చొక్కా దొరకలేదు. రక్తపు బనీనుతోనే గేటు దాటాడు. వెనక నుంచి అన్నా, అన్నా అని కేకలు. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు అతన్ని చూసి అరుగులెక్కారు. ఆకలి దంచేస్తోంది. బస్టాండు దగ్గర ఏదైనా తినాలనుకున్నాడు. గోడౌన్ లేదు, రేపటి నుంచి శవమూ లేదు. జీవమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. అయినా కాళ్లు తొందరగానే పడుతున్నాయి. వెనక్కి తిరిగి చూడలేదు.

చూసి ఉంటే, అరిష్టానికి భయపడి కెమెరామన్ ఇంకా ఆపని ఆ కెమెరా, ఖాళీ పాడె మీద నలిగిన పూల మధ్య రెండు దూది ఉండలను తీస్తూ కనపడేది. ఒకదానికి మీసానికి వేసిన నల్లరంగు కొంచెం అంటుకుని ఉంది.