ముడత లేని నంబరు

ఎదురింటి అత్త నలుగురికీ చెప్పిందట, మెట్ల పిల్ల అసలు పరుగే మొదలెట్టలేదని.

ఫోనులో మారథాన్ జాబితా చూసిందట. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. పేరుందట. పేరు పక్కన గంటలూ నిమిషాలూ ఉండాల్సిన చోట ‘బయలుదేరలేదు’ అని ఉందట. "ఊరందరికీ చెప్పి మరీ వెళ్ళింది. అక్కడ ఏ నీడపట్టునో కూర్చుని వస్తూ ఉంటుంది. మారథాన్ అంటే మెట్లెక్కినంత సులువా?" అని కూడా అందట.

ఆ మాట వీధి మలుపు తిరిగి, మనిషికన్నా ముందే ఇస్త్రీ బల్ల చేరింది.

బల్ల వెనక ఆ పిల్ల నాన్న. పెట్టెలో ఎర్రటి బొగ్గులు. తడిచేత్తో ఒక చుక్క చిలకరించాడు.

చుయ్ —

అంతే. పెట్టె చొక్కా మీదికి దించాడు.

మెట్ల పిల్ల అంటే పిల్లేమీ కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ పేరు పడినప్పుడు మాత్రం పద్నాలుగు. నిలబడి నిలబడి నాన్న మోకాళ్ళు మొండికేసిన ఏడాది అది. బడిసంచీ మేకుకు తగిలించి, బట్టల మూట భుజానికెత్తుకుంది. మేడల్లో లిఫ్టులున్నాయి — మనుషులకి. మూటలకి మెట్లే. ఆరంతస్తులు ఎక్కడం, దిగడం. పక్క మేడ, ఎనిమిది. ఎక్కడం, దిగడం.

"అప్పుడే వచ్చేశావా? రెక్కలేమైనా మొలిచాయా?" అనేది పై అంతస్తు టీచరమ్మ.

రెక్కలు కావు. పిక్కలు.

"నా మోకాళ్ళ బరువు నీ మోకాళ్ళకి అంటగట్టానే అమ్మా" అనేవాడు నాన్న, ఏ ఏడాదికో ఒకసారి. ఆ మాట అన్న రోజున ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ చేసేవాడు.

మూట లేని కాళ్ళు ఎలా ఉంటాయో చూద్దామని ఒక తెల్లవారుజామున పరుగెత్తింది. గాలి. ఖాళీ రోడ్డు. భుజం మీద ఏమీ లేదు...

ఆ ‘ఏమీ లేదు’ కోసం మర్నాడూ పరుగెత్తింది. నాలుగేళ్ళు పరుగెత్తింది.

చిన్న పందేలు మూడు. మూడోదాంట్లో వచ్చిన సమయానికి పెద్ద మారథాన్‌లో చోటు దొరికింది. దేశదేశాల ఉద్దండులు పరుగెత్తే మారథాన్. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు. మామూలు మనుషులకి వెనక వరసల్లో కాస్త జాగా.

"నువ్వు ఎంతసేపట్లో పరుగెత్తావో రాసి పెడతారటగా" అన్నాడు నాన్న. "చెరిపెయ్యరు కదా?"

"చెరపరు నాన్నా."

"అయితే అది చదివించుకుని వింటాను. ఒక్కసారి."

ఆయన ఎందుకడిగాడో ఆమెకు తెలుసు. పొద్దున ఆయన చేసిన పని సాయంత్రానికల్లా నలిగిపోతుంది. నలభై ఏళ్ళుగా అంతే. నలగనిది ఒకటి ఇంట్లో ఉండాలని ఆయన ఆశ.

పరుగులో గుండె మీద పెట్టుకునే నంబరు కాగితం కవరులో వచ్చింది. నాలుగు మడతల మీద వచ్చింది.

బయల్దేరే రోజు ఆమె స్నానానికి వెళ్ళింది. నాన్న ఆ మడతలు చూశాడు. కవరు మీద ఏదో రాసి ఉంది. చదవడం ఆయనకి రాదు. మడతను చదవడం వచ్చు. నంబరు మీద తడిగుడ్డ పరిచాడు. చుక్క చిలకరించి వేడి చూసుకున్నాడు. పెళ్ళికొడుకు చొక్కాకి కూడా అంత నెమ్మదిగా చెయ్యి ఆడించి ఉండడు.

ఆమె వచ్చి చూసి నవ్వింది. అద్దంలా ఉంది.

వెనకవైపు అంటించిన, సమయం లెక్కగట్టే సన్నటి చిప్పు సంగతి ఆమెకు తట్టలేదు. ముడత కనిపిస్తే పెట్టె ఎత్తడమే ఆ ఇంటికి తెలుసు. పెట్టె తగిలి ఏదైనా చెడుతుందని ఆ ఇంట్లో ఎవరికీ, ఎన్నడూ, తోచలేదు.

ఉద్దండులు ఒక్కసారే కనిపించారు. పన్నెండో కిలోమీటరు దగ్గర, వెళ్ళిన దారినే తిరిగొస్తూ, రోడ్డుకి అవతలి పక్కన. ముందు చప్పుడొచ్చింది — రేకుల మీద తొలి చినుకుల చప్పుడు. తరవాత వాళ్ళు. నేలను తొక్కడం లేదు, తడిమి వదిలేస్తున్నారు.

వాళ్ళ నంబర్లు చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది? అన్నీ నలిగి ఉన్నాయి. ఎలా పడితే అలా, పిన్నులతో. అంతమందిలో ముడత లేనిది తనదొక్కటే.

నాన్నా... నీదొక్కటే.

ఆ తరవాత అంతస్తులు లెక్కపెట్టింది. ఒక్కో కిలోమీటరు ఒక్కో అంతస్తు. ఇరవై. ముప్పై. ముప్పై నాలుగో అంతస్తులో గోరు చిట్లింది. ముప్పై ఎనిమిదిలో లేని మూట భుజం మీదికి వచ్చి కూర్చుంది.

ఎక్కింది.

రోడ్డుకి అడ్డంగా అక్కడక్కడా చాపలు పరిచి ఉన్నాయి. నంబరు వెనక చిప్పున్నవాళ్ళు దాటితే కీచుమంటాయి. గుంపులో ఎవరి కూత ఎవరిదో తెలియదు. చివరి చాప దగ్గర మాత్రం ఆమె ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు.

దాటింది.

చాప పలకలేదు.

చేతి గడియారంలో పరుగు సమయం మూడు గంటల ఇరవై ఆరు నిమిషాలు. మెడలో ఎవరో పతకం వేశారు. పందెం లెక్కలు చూసే గుడారంలో కళ్ళద్దాలావిడ ఒకావిడ నంబరు తిప్పి చూసింది. వెనక చిప్పు బొబ్బలెక్కి ఉంది.

"దీన్ని వేడి దగ్గర పెట్టారా?"

"లేదండీ."

"కవరు మీద రాసే ఉంది కదమ్మా, వేడి తగలనివ్వద్దని. చిప్పు పలక్కపోతే మేం చేసేదేం లేదు. మా లెక్కలో మీరు బయలుదేరనే లేదు."

బస్సులో కూర్చుని ఆ ‘లేదండీ’ని మళ్ళీ మళ్ళీ అనుకుంది. ఎవరు అనిపించారో... ఎందుకు అంత తొందరగా నోటికొచ్చిందో.

పెరటి దారిన ఇంట్లోకొచ్చింది. పతకాన్ని బొగ్గుల బస్తా అడుగుకి తోసేసింది. బస్తా ఖాళీ కావడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటి సంగతి అప్పుడు.

ముందుకెళ్ళింది. బల్ల ముందు ఎదురింటి అత్త.

"వచ్చావటే? ఏం జరిగిందో నువ్వే చెప్పు. మీ నాన్న నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు."

"నువ్వాగమ్మా" అన్నాడు నాన్న. "అది మిషను రాసిన మాట. మిషను తప్పు రాయదా? నా కూతుర్ని చెప్పనీ. ఏమే, పరుగెత్తావా లేదా?"

పరుగెత్తాను అంటే — మరి ఎందుకు రాయలేదంటాడు. చిప్పు పాడైందంటే — ఎలాగంటాడు. చదువు లేకపోయినా గట్టివాడు. రెండంటే రెండు ప్రశ్నల్లో పెట్టె దాకా వస్తాడు. ఆ తరవాత, ఆ పిడి పట్టుకోవడానికి ఆ చెయ్యి లేస్తుందా?

పెట్టె వైపు చూడకుండా ఉండటమే కష్టమైంది.

"లేదు నాన్నా. వాళ్ళందర్నీ చూశాక భయమేసింది. బయల్దేరలేదు."

నాన్న కంటికి బల్ల దాటి ఏదీ ఆనదు. ఎదురింటి అత్తకి ఆనుతుంది. ఆవిడ చూపు ఆమె కాళ్ళ మీదికి జారింది. నల్లబడ్డ గోళ్ళు. చెప్పులో పట్టని పాదాలు. అత్త నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

నాన్న ఒక చొక్కా పరిచాడు. తడిచేత్తో ఒక చుక్క చిలకరించాడు.

చుయ్ —

"భయపడి కూర్చునేదానికి, నేను ఇస్త్రీ చేసిచ్చిన ఆ కాగితం పట్టుకుని వెళ్ళావెందుకే?"