నల్లగుడ్డ వెనక డ్రమ్ములు

"కదలకు తల్లీ, పాపిడి వంకరపోతోంది," అంటూ తల్లి కూతురికి రెండు జడలు వేస్తోంది. కూతురు నిలవడం లేదు. బడి వార్షికోత్సవంలో అరవైమంది పిల్లలు పాడే పాటలో తనకు మొదటి వరుస దొరికింది మరి.

"నాన్నా, నువ్వు కట్టే తెర ముందే నేను నిలబడేది! చూస్తావుగా?"

"చూడకపోతే నన్ను ఇంట్లోకి రానిస్తావా?" అని నవ్వుతూ తండ్రి చెప్పులు వేసుకున్నాడు.

ఆయన ట్రస్ మేస్త్రి. పద్నాలుగేళ్లుగా అదే పని. ట్రస్ అంటే అల్యూమినియం గొట్టాలతో నిచ్చెనలా అల్లిన చట్రం. రెండు స్తంభాలు నిలబెట్టి, పైన అడ్డంగా దూలం వేసి, దానికి రెండంతస్తుల మేడంత వీడియో తెరను వేలాడదీస్తారు. చదువుతున్న మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి తెర ముందు కూర్చునే ఉంటారు. దాని వెనక్కి వెళ్లి చూసి ఉండరు. తెర ముందుకు తూలకుండా స్తంభాల వెనక కాళ్ల మీద ఎనిమిది నీళ్ల డ్రమ్ములు బరువుగా పెడతారు. నిండుకుండ తొణకదని మనం మాటవరసకు అంటాం గానీ, ఈ పనిలో డ్రమ్ములు నిండితేనే తెర నిలుస్తుంది. చూడ్డానికి బాగుండవని వాటికి నల్లగుడ్డ చుడతారు. చుట్టాక లోపల నీళ్లున్నాయో గాలి ఉందో దేవుడికే ఎరుక.

దీనికి తోడు ఇంకో అలవాటుంది. 'అంతా పరీక్షించాను, భద్రంగా ఉంది' అనే కాగితం మీద మేస్త్రి సంతకం పొద్దున్నే తీసేసుకుంటారు. తర్వాత హడావుడిలో మనిషి దొరకడని ఏర్పాట్లు చూసే మేనేజరు బెంగ. నీళ్లు మాత్రం అన్నిటికంటే ఆఖర్న పోస్తారు. ఆ రోజు కూడా మేస్త్రి స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి సంతకం గీకేశాడు. అప్పటికి ఒక్క గొట్టమైనా బండి దిగలేదు.

మధ్యాహ్నం మూడింటికి తెర వెలిగింది. మైదానమంతా తల్లిదండ్రులు. వేదిక వెనక నుంచి గాలి మొదలైంది. కూతురు బాగా కనబడే చోటు వెతుక్కుంటూ వెనకవైపుగా వెళుతున్న మేస్త్రి, అలవాటుకొద్దీ ఒక డ్రమ్మును అరచేత్తో చరిచాడు. నిండిన డ్రమ్ము దబ్బుమంటుంది. ఇది డబడబా మోగింది. పక్కదీ మోగింది. ఎనిమిదీ మోగాయి.

మేస్త్రి మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, నీళ్ల ట్యాంకరు రాలేదా?"

"వచ్చింది మేస్త్రీ. దుమ్ము లేస్తోందంటే మైదానంలో చల్లించేశా. పెద్దవాళ్లు వస్తున్నారు కదా. ఏం కాదులే, గంటన్నర పని."

"గాలి లేచింది సార్!"

"ఇదివరకు సగం డ్రమ్ములతో ఎన్నిసార్లు కానిచ్చాం? అప్పుడు లేని భయం ఇప్పుడెందుకయ్యా?"

మేస్త్రి లెక్క చూసుకున్నాడు. నిజమే, మూడుసార్లు కానిచ్చారు. ఆ మూడుసార్లూ 'ఏం కాదులే' అన్నది తనే. ఆ తెరల ముందు కూర్చున్నవాళ్లలో ఒక్క మొహం కూడా ఆయనకు గుర్తులేదు. తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదని ఊరికే అన్నారా!

పిల్లలు వేదిక ఎక్కేశారు. మొదటి వరుసలో నాలుగో పిల్ల, రెండు జడలది, తండ్రి కోసం జనంలో వెతుకుతోంది. ఆ పిల్ల తలపైన దూలం కిర్రుమంది. సిగ్గుపడాల్సిన మాటే అయినా దాచకుండా చెప్పాలి: తన కూతుర్ని ఒక్కదాన్నే లాక్కుని పారిపోదామనే మేస్త్రికి మొదట అనిపించింది. వేదికెక్కి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగాడు కూడా. కూతురితోపాటు పక్క పిల్ల కదిలింది, ఆ పక్కది కదిలింది. పాట కోసం అందరూ చేతులు కలిపి నిలబడ్డారు.

"ఎవరయ్యా నువ్వు? ఏమిటిది?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది.

"పిల్లల్ని దింపండి మేడం. తెర పడిపోయేలా ఉంది."

"భద్రంగా ఉందని కాగితం ఇచ్చారుగా!"

"ఆ సంతకం నాదే మేడం. చూడకుండా పెట్టాను. అది అబద్ధం."

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి మైకు అందుకుంది. "పిల్లలూ, చేతులు వదలకుండా అందరూ కిందికి దిగండి. ముందు కుర్చీల్లోవాళ్లు లేచి పక్కకి రండి."

ఆఖరి పిల్ల మెట్లు దిగి పక్కకు వెళ్లిందో లేదో పెద్ద గాలి కొట్టింది. నల్లగుడ్డ ఎగిరిపోయింది. తెర ముందుకు వంగింది. వెనక కాళ్లు ఖాళీ డ్రమ్ములతో సహా నాలుగు వేళ్ల ఎత్తు నేల విడిచి లేచాయి. గాలి తగ్గాక కాళ్లు మెల్లగా నేలను తాకాయి. మేస్త్రి మనుషులు దూలం నుంచి వేలాడే గొలుసులు సడలించి తెరను కిందికి దించేశారు.

కూతురు వచ్చి తండ్రి నడుం పట్టుకుంది. తలెత్తి అడిగింది.

"నాన్నా, ఇదివరకు నువ్వు కట్టినవాటి ముందు కూడా పిల్లలు నిలబడ్డారా?"

"నిలబడ్డారమ్మా."

"మరి వాళ్లని దింపలేదేం?"

ఆ ప్రశ్న విన్న హెడ్‌మిస్ట్రెస్ ఫైల్లోంచి తీసిన ఆ సంతకం కాగితాన్ని చూసుకుని, చుట్టూ చేరిన తల్లిదండ్రులతో అంది: "తప్పు ఈయన ఒక్కడిదే కాదు. ఈయన చూడకుండా సంతకం పెట్టాడు, నేను చూడకుండా ఫైల్లో దాచుకున్నాను. మనం 'ఏం కాదులే' అన్న ప్రతిచోటా, దాని కింద ఎవరో ఒకరి బిడ్డ నిలబడి ఉంటుంది."